బ్యాటరీకి సెలవు

మహర్నవమి మధ్యాహ్నం నా ముందున్న తెరమీద తెనాలి వీధులు ఒక్కొక్కటే ఆరిపోవడం మొదలుపెట్టాయి. దేశానికి కరెంటు సర్దే ఆఫీసు మాది. ఇప్పుడు ప్రతి ఇంటి గోడకీ ఒక బ్యాటరీ ఉంది. పగటి ఎండను దాచుకుని, రాత్రికి అందరికీ కరెంటు పంచేవి అవే. ఆరినచోట అవి చీకటిపడేలోపు తిరిగి లైనుకి కలవకపోతే ఆసుపత్రులు కూడా ఆరిపోతాయి. తెనాలి తర్వాత గుంటూరు, ఆపైన బాపట్ల. మా కంప్యూటర్లలోకి ఎవరో శత్రువులు చొరబడ్డారని ఆఫీసంతా హడలిపోయింది.

అప్పుడే తెనాలి నుంచి అమ్మ ఫోను.

"పనిలో ఉన్నానమ్మా!" అని కసిరాను.

"పండగపూట కూడా పనేంటే? మన బ్యాటరీకి పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ వేసి ఆపేశాను. ఏడాదంతా చాకిరీ చేస్తోంది, ఆయుధపూజ నాడైనా కాస్త పడుకోనివ్వద్దూ? ఊరంతా అలాగే చేశారు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మళ్లీ ఎప్పుడు లేపుతారు?"

"అదేం ప్రశ్నే? దీపాలు పెట్టగానే హారతిచ్చి లేపేస్తాం. సందెవేళ ఎవరైనా పడుకుంటారా?"

పొద్దు వాలేదాకా తెరమీంచి కన్ను తిప్పలేదు. ముందు మా అమ్మ వీధి వెలిగింది. తర్వాత దాని పక్క వీధి. కాసేపటికి గుంటూరు, బాపట్ల కూడా నిద్రలేచాయి. ఆఫీసులో ఎవరో చప్పట్లు కొట్టారు.

నా కంప్యూటరుకి కూడా ఇంత కుంకం పెట్టాను. దాన్ని మాత్రం పడుకోబెట్టలేదు.