ఒక్క సమ్మె కావాలి

“ఈ ఏడు విశ్వకర్మ పూజ లేదు. భోజనాల్లేవు, బట్టల్లేవు. ఇష్టం లేనివాళ్లు పని మానేసి బయటికి నడవొచ్చు!”

కలకత్తా పక్కన హౌరాలో, టికియాపారాలోని తన బకెట్ల కార్ఖానా నడిమధ్య నిలబడి వెంకటరత్నం గొంతు చించుకున్నాడు. ముప్ఫైమంది పనివాళ్లూ సుత్తులు దించి యూనియన్ నాయకుడు గవరయ్య మొహం చూశారు. హౌరా కార్ఖానాల్లో దసరా లేకపోయినా ఫరవాలేదు గానీ, విశ్వకర్మ పూజ లేదంటే తలలు పగులుతాయి.

గవరయ్య మెల్లగా ముందుకొచ్చాడు. “ఏటి బాబూ, ఒంట్లో బాగోనేదా?”

“నా ఒంటికేం, గుండ్రాయిలా ఉంది! ఇవాళ్టి నుంచి మీకు టీ కూడా బంద్!”

“పోన్లెండి బాబూ. ఈ ఉక్కలో టీ ఏటి తాగుతాం, మంచినీళ్లు సాలు.”

సుత్తులు మళ్లీ మోగాయి. వెంకటరత్నం కాళ్లీడ్చుకుంటూ తన గదిలోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. అక్కడ మేనల్లుడు జానకిరామ్ కంప్యూటర్ ముందున్నాడు. కుర్రాడికి సాల్ట్ లేక్‌లో, కంపెనీలకు ఏది లాభమో ఏది నష్టమో లెక్కగట్టి చెప్పే ఉద్యోగం. మేనమామకు మాత్రం ఆ సలహా ఉచితం.

“చూశావురా? పూజ ఆపినా, టీ ఆపినా ఒక్క వెధవా ‘చొల్బే నా, ఇలా కుదరదు’ అనడే! అసలు సమ్మె నాకెందుకో ఇంకోసారి చెప్పు. నాకే నమ్మకం కుదరడం లేదు.”

“గోదాములో ఉన్న రేకు మీరు పాత ధరకు కొన్నారు మామయ్యా. ఇప్పుడు ధర రెండింతలైంది. రేకును రేకుగానే అమ్మేస్తే బ్యాంకు అప్పు తీరుతుంది, ఇల్లు దక్కుతుంది. దాన్నే బకెట్లు చేస్తే, మన బకెట్లు కొనే కంపెనీతో మీరు రాసుకున్న ఒప్పందం ప్రకారం ప్రతి బకెట్టూ వాళ్లకే, పాత ధరకే ఇవ్వాలి. బకెట్టు తయారైన కొద్దీ మీ ఇల్లు కరిగిపోతున్నట్టు లెక్క.”

“చౌకగానే కొన్నాను కదరా, నష్టమెక్కడ?”

“కొన్న ధర మర్చిపొండి. ఇవాళ బజార్లో ఎంత పలుకుతుందో అదే దాని ఖరీదు. ఆర్థికశాస్త్రంలో మొదటి పాఠం ఇదే.”

“అయితే ఇప్పుడే తాళం వేసేస్తాను, పీడా పోతుంది.”

“మీరు ఆపితే కంపెనీకి జరిమానా కట్టాలి. పనివాళ్ల సమ్మె వల్ల ఆగితే అక్కర్లేదు. ఒప్పందంలో స్పష్టంగా ఉంది. కానీ మనమే చేయించామని తెలిసిందో, అదీ చెల్లదు. వాళ్లంతట వాళ్లే దిగాలి.”

నెలాఖరుకు బాకీ కట్టకపోతే ఇల్లు వేలం. ఆ సంగతి ఇంట్లో ఇంకా చెప్పనేలేదు. వెంకటరత్నానికి ఏడుపొక్కటే తక్కువ.

కలకత్తా ఊరండీ ఇది! ఎక్కడో ఏదో దేశంలో బాంబు పడితే ఇక్కడ బస్సులు ఆగిపోతాయి. సమ్మెల భయంతో ఎందరో యజమానులు తాళాలు వేసుకుని పారిపోయారు. అలాంటి ఊళ్లో, ఎర్రజెండా ప్రభుత్వం ఉండగా, పాపం ఒక్క పెద్దమనిషి ఒకే ఒక్క సమ్మె కావాలని బతిమాలినంత పనిచేస్తుంటే దిక్కు లేదు. కలికాలం అంటే ఇదే మరి.

వెంకటరత్నం ఉన్నట్టుండి లేచాడు. “ఇక ఒక్కటే మిగిలిందిరా,” అంటూ విసవిసా గేటు దగ్గరికి వెళ్లి, యూనియన్ జెండా కర్రతో సహా పీకి నేల మీద పడేశాడు.

సుత్తులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. గవరయ్య వచ్చి జెండా తీసుకుని, దుమ్ము దులిపి, భుజాన వేసుకున్నాడు. పనివాళ్లంతా అతని చుట్టూ మూగారు. గంటసేపు గుసగుసలు, వాదులాటలు. ఆ తర్వాత రేకుల కప్పు అదిరిపోయేలా కేక వినిపించింది. “ఇంక్విలాబ్ జిందాబాద్!”

“అమ్మయ్య, బతికాంరా!” వెంకటరత్నం మేనల్లుడి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. గవరయ్య లోపలికి రావడం చూసి గబుక్కున మొహం చిట్లించుకున్నాడు.

“సమ్మె సేత్తన్నాం బాబూ. పూజ వొద్దన్నారు, ఊరుకున్నాం. టీ వొద్దన్నారు, ఊరుకున్నాం. జెండా ముట్టుకున్నాక ఊరుకోం. ఇప్పట్నించే సమ్మె.”

“చేసుకోండి! నేనేం భయపడను. ఎన్నాళ్లు?”

“మీ మనసు మారినదాకా.”

“మారదు! రాసి సంతకం పెట్టివ్వు.”

గవరయ్య కాగితం మీద రాయించుకొచ్చిన నోటీసు ఇచ్చాడు. జానకిరామ్ దాన్ని రెండుసార్లు చదివి, భద్రంగా ఫైల్లో పెట్టి, మేనమామకు కన్ను గీటాడు. వెంకటరత్నానికి కడుపు నిండిపోయింది.

గవరయ్య మాత్రం కదల్లేదు. అతని కళ్లు చెమర్చాయి.

“కానైతే బాబూ, మీరూ మేమూ ఒక్క తెలుగు సీమ నుంచొచ్చినోళ్లం. మీకేదో పెద్ద కట్టం వొచ్చింది, అందుకే ఇలగైపోనారు. మాకు తెల్దేటి? కట్టంలో ఉన్నోడి కడుపు కొడతామా? జపానోళ్లకి కోపమొత్తే పని మానరంట. సేతికి నల్లగుడ్డ కట్టుకోని, రెండింతలు పని సేసి, యజమానికి సిగ్గొచ్చినట్టు సేత్తారంట. మా సమ్మె కూడా అలగే. ఓవర్‌టైం ఒక్క పైసా అడగం. మా సోములు అప్పుడే గోదాము తలుపు తీసీసినాడు. పది రోజుల్లో ఆ రేకంతా బకెట్లు కొట్టీసి మీ సేతిలో పెడతాం బాబూ, ఒక్క ముక్క మిగిల్తే నా పేరు గవరయ్య కాదు!”