ఏడ్చేవాళ్లు కావాలి

మిర్యాలగూడలో మూతపడిన ఒక రైస్‌మిల్లు ముందు పొద్దున్నే ఆడవాళ్లు వరుస కట్టారు.

అందరూ వచ్చింది ఏడవడానికే.

'శవాల సంత' సినిమా మూడో భాగానికి ఏడ్చేవాళ్లు కావాలని ముందురోజే ఆటోకు మైకు కట్టి ఊరంతా చాటించారు.

మొదటి రెండు భాగాలు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. వాటిలో మట్టి పెళ్లగించుకుని లేచే ఆడ జాంబీ ఒకటి ఉంది. అది లేవగానే ఏడుస్తుంది. ఆ ఏడుపు విని సూర్యాపేట టాకీసులో కుర్చీ కింద దూరిన పిల్లల్లో ఇప్పుడీ మూడో భాగం తీస్తున్న డైరెక్టర్ మహేష్ కూడా ఒకడు.

ఇన్నేళ్లకు ఆ సినిమాకు మళ్లీ ప్రాణం పోద్దామని దిగాడు. కానీ పాత రీళ్లన్నీ పాడైపోయాయి. ఆ ఏడుపులో చిన్న ముక్క ఒక్కటే మిగిలింది. పేరున్న డబ్బింగ్ కళాకారులు గొంతు చించుకున్నా అది రాలేదు. టీజర్ చూసినవాళ్లు "జాంబీలు లేచినయ్, ఏడుపు లేవలేదు" అని గాలి తీసేశారు. ఆ ఏడుపు దొరక్కపోతే సినిమా కొనేది లేదని పంపిణీదారులు తేల్చేశారు.

అందుకే మహేష్ వచ్చిన ప్రతి ఒక్కరి చెవులకూ హెడ్‌ఫోన్స్ పెట్టి ఆ ముక్క వినిపిస్తున్నాడు. ఒకామె మొగుణ్ని తిట్టుకుంటూ ఏడ్చింది. ఇంకొకామె ఏడుస్తూ ఏడుస్తూ నవ్వేసింది. ఏదీ అతకలేదు.

అద్దాల రవిక తొడుక్కున్న ఓ ముసలామె వంతు వచ్చింది.

"ఏడువు అవ్వా," అంది అసిస్టెంట్ హారిక.

"ఏడ్వనీకి రాలే బిడ్డా. ఇననీకి వచ్చిన."

వరుసంతా గొల్లున నవ్వింది.

"ఏం ఇంటవ్?" అన్నాడు మహేష్.

"ఆ పాత సినిమాల ఏడుపు. ఒక్కసారి ఇనిపియ్యి సారూ."

మహేష్‌కు ఒళ్లు మండింది. "ఏడ్చెటోళ్లకే ఇనిపిస్తం. నీకు ఏడుపు రాదా?"

"వస్తది. నేనేడిస్తే నాకు అది ఇనవడదు గద."

"ఇదేమన్న రేడియోనా అవ్వా? ఎనక ఇంకా శానమంది ఉన్నరు, జరుగు."

ఆమె జరిగింది గానీ ఇంటికి పోలేదు. పొద్దుగూకే దాకా గేటు పక్కనే కూర్చుంది. మహేష్ కారెక్కుతుంటే మళ్లీ అదే అడిగింది.

"రేపు రా," అన్నాడు, వదిలించుకోవడానికి.

మర్నాడు నిజంగానే వచ్చింది.

"దయ్యాల పిచ్చి పట్టినట్టుంది. లోపలికి రానియ్యకు," అని మహేష్ వాచ్‌మన్‌కు చెప్పాడు.

ఆ తర్వాత ఆమె కనిపించలేదు. పీడ వదిలిందనుకున్నాడు.

కొన్నాళ్లకు పాత సినిమా సౌండ్ రికార్డిస్టు మత్తయ్య జాడ కోదాడలో దొరికింది. మహేష్ పరుగున పోయాడు.

"ఆ జాంబీకి గొంతు ఇచ్చింది ఎవరు సార్?"

మత్తయ్య తల దించుకునే చెప్పాడు.

"అది నటన కాదు బాబూ. నిడమనూరు దగ్గర తండాలో పెళ్లయితే రికార్డు చేశాను. లంబాడీ పెళ్లికూతురు అత్తారింటికి పోయేటప్పుడు అయినవాళ్లను పట్టుకుని ఏడుస్తూ పాడుతుంది. అది వాళ్ల ఆచారం. మాకు మాటలు తెలీవు. గుండె ఝల్లుమంది, అంతే. తెచ్చి పీనుగు నోట్లో పెట్టాం."

చిన్నప్పుడు మహేష్ వణికిపోయింది ఒక పెళ్లికూతురి ఏడుపుకా!

"ఆమె ఇప్పుడు ఎక్కడుంది?"

"ఆమె పేరు సాలి. మొదటి కాన్పులోనే పోయింది పాపం. ఆ పాట నేర్పింది వాళ్లమ్మ భూలి. కూతురి కంటే బాగా పాడేది. ఆమెను పట్టుకో, నీ సినిమా బతుకుద్ది."

కాళ్లు పట్టుకునైనా ఒప్పించాలని మహేష్ నేరుగా తండాకు పోయాడు.

ఇంటి ముందు భూలి కొడుకు బీక్యా గుండుతో కూర్చుని ఉన్నాడు.

"అమ్మ ఉందా?"

"లేదు సార్. మొన్ననే పోయింది."

మహేష్ అక్కడే కూలబడ్డాడు. చేతికందినట్టే అంది జారిపోయింది. సినిమా ఎలా అన్న దిగులు తప్ప ఇంకేమీ తోచలేదు.

"మీరు సినిమావోళ్లా?" బీక్యా గొంతులో కోపం లేదు. "మా అక్క సాలిది ఒక్క ఫోటో గూడ మిగల్లే సార్. మీ పాత సినిమా ఆడినన్ని రోజులు అమ్మ టాకీసుకు పోయేది. అందరు జడిసి కండ్లు మూసుకుంటే, అమ్మ ముందుకు వంగి ఇంటుండె. సినిమా ఎత్తేసినంక మళ్ల ఇనలే."

మహేష్ తలెత్తి చూశాడు.

"మళ్ల తీస్తున్నరని తెల్సి పాణం బాగలేకున్నా మీ మిల్లు కాడికొచ్చి వరుసల నిలవడ్డది సార్, గానీ పీనుగుకు పెట్టిన గొంతు నా బిడ్డదని చెప్పనీకి నోరు రాక, ఇనకుండనే తిరిగొచ్చింది."