పాచిపోయిన శేర్వా

కుండ మీది మూకుడు తీయగానే పుల్లటి వాసన గుప్పున కొట్టింది. శేర్వా మీద తెల్లటి నురగ. నాగులమ్మ గరిటె ముంచి ఎత్తితే తీగలా సాగింది.

మేక కాళ్ల శేర్వా. పొద్దునా సాయంత్రం తుకతుక మరిగించి, చల్లారాక ఉట్టికెక్కిస్తే మూడు రోజులుంటుంది. తడి గరిటె తగలకూడదు. ఆమెకు తెలియనిదేం కాదు. నిన్న గాయానికి కట్టే పసరాకు కోసం గుట్టలన్నీ తిరిగొచ్చి, మరిగించడం మరిచిపోయింది.

తూటా తగిలిన మనిషికి ఇప్పుడేం తాగించాలి? పారబోద్దామని లేచేసరికి వాకిట్లో బూట్ల చప్పుడు. గబుక్కున మూకుడు కప్పేసింది.

పోలీసు యాక్షన్ జరిగి ఏడాది. ఇబ్రహీంపట్నం చుట్టూ కమ్యూనిస్టు దళాల కోసం గాలిస్తున్నారు. జమేదారు వంగి లోపలికొచ్చాడు. వెనక ఇద్దరు జవాన్లు.

"నాలుగొద్దుల కింద గుట్టల కాడ ఒకని తొడకు మా తూటా తాకింది. నెత్తురు చుక్కలు గీ ఊరి దిక్కే వచ్చినయ్. నీ కొడుకేడి?"

"జానయ్యనా? పనికని పట్నం పోయిండయ్యా."

జమేదారు చూపు కుండ మీద పడింది. "గా కుండలేంది?"

"కాళ్ల శేర్వా."

"ఇద్దరాడోళ్లకు కాళ్ల శేర్వానా? ఎవనికి తాగిస్తున్నవ్?"

జవాన్లు వడ్ల గుమ్మిలో లాఠీలు గుచ్చుతున్నారు. గోడవార ఒక కాలు చాపుకొని కూర్చున్న కోడలు సక్కుబాయి తలెత్తకుండా జొన్నలు విసురుతోంది.

"ఏయ్, జర నీళ్లు తే," అన్నాడు జమేదారు కోడలితో.

"నేనిస్తయ్యా, దాని చేతులకు పిండున్నది." నాగులమ్మ ఉరికిపోయి చెంబు ముంచి ఇచ్చింది.

నీళ్లు తాగి మూతి తుడుచుకున్నాడు. "గా శేర్వా గూడ పొయ్యి. ఆకలైతున్నది."

పోస్తే విషం పెట్టిందంటారు. పోయకపోతే ఎవరికో దాచిందంటారు.

"ఖరాబైందయ్యా. నువ్వే చూడు."

మూకుడు తీసి గరిటె ఎత్తింది. మళ్లీ తీగ సాగింది. కుండను అతని ముక్కు దగ్గరకు జరిపింది.

"కొడుకొస్తనంటే వండిన. రాకపాయె. నిన్న కాగబెట్టక ఇడిస్తి. గిది తాగితే నీ పాణం మీదికొస్తది."

జమేదారు ముక్కు మూసుకుని వెనక్కి జరిగాడు. ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. నాగులమ్మ రెప్ప వేయలేదు.

"దెబ్బ తాకినోడు ఇంట్ల ఉంటే ఏ తల్లన్న శేర్వాను గిట్ల పాడుగానిస్తదా?" అన్నాడు జవాన్లతో. "నడువుండ్రి, శేరిగూడ దిక్కు చూద్దాం."

బూట్ల చప్పుడు వినపడనంత దూరం పోయేదాకా విసుర్రాయి ఆగలేదు.

నాగులమ్మ తలుపు గడియ పెట్టి వచ్చి, కోడలి ముందు కూర్చొని, నెత్తురుతో తొడకు అంటుకుపోయిన చీరను మెల్లగా విడదీసింది.