అభ్యంతరాలేమైనా ఉన్నాయా?

శర్షెన్ మాస్టారు గొంతు సవరించుకున్నారు. బల్ల చుట్టూ కూర్చున్న అయిదుగురూ తినడం ఆపేశారు.

"సోమవారం నుంచి మన నిఘంటువు నెట్ ఉంటేనే తెరుచుకునేలా మార్చేద్దామనుకుంటున్నాను. అభ్యంతరాలేమైనా ఉన్నాయా?"

ఎవరూ పలకలేదు. తిలెక్ తన చేతిలోని సమోసాలాంటి సంసాలో ఎన్ని ఉల్లిపాయ ముక్కలున్నాయో చూసుకుంటున్నవాడిలా తల వంచేశాడు. జిబెక్ మాత్రం చేతిలోని ముక్క పళ్లెంలో పెట్టేసింది.

ఆ కిర్గిజ్ నిఘంటువు యాప్ ఏ కంపెనీదీ కాదు. ఓపెన్ సోర్స్. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా కోడ్ రాయొచ్చు. బిష్కెక్‌లో తలా ఒక ఉద్యోగం చేసుకుంటూ, శనివారాలు ఈ టీకొట్టులో చేరి, జీతం బత్తెం లేకుండా ఆరుగురు దాన్ని నడుపుతున్నారు. కొండల మీద సిగ్నల్ అందని బడుల కోసమని ఒకప్పుడు మాస్టారే మొదలుపెట్టారు. నరిన్ అవతల అలాంటి ఒక బడిలోనే జిబెక్ వాళ్ల అక్క టీచరు. అక్కడ నెట్ కావాలంటే గుట్టెక్కాలి. పిల్లలకి ఉన్న నిఘంటువు ఇదొక్కటే. వచ్చే వారమే పరీక్షలు.

పని పద్ధతి కూడా మాస్టారు పెట్టిందే. ఏ మార్పైనా ముందు ఈ బల్ల దగ్గర చెప్పాలి. ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. ఎవరూ కాదనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. బయటి దేశాల్లో కూడా ఇలాగే నడుపుతారట. కాకపోతే అక్కడివాళ్లు ఎంత పెద్దాయనకైనా "ఇది చెత్త" అని రాసిపారేసి హాయిగా నిద్రపోతారు. ఇక్కడ పెద్దాయన మాట్లాడుతుంటే రొట్టె తుంచడానికి కూడా చెయ్యి ముందుకు రాదు. పైగా ఆ అయిదుగురికీ బడిలో లెక్కలు చెప్పింది ఆయనే.

అలా నోళ్లు కుట్టేసుకుని కూర్చోవడం వల్లే ఈ ఏడాది రెండు ఘోరాలు జరిగిపోయాయి. మొదట, అక్షరాల సైజు పెంచమన్నారు. పెంచితే తెర మీద ఒక్క మాటే పట్టింది. ఆ తర్వాత, నిఘంటువు తెరవాలంటే ముందు ఏడు తరాల తాతల పేర్లు కొట్టాలన్నారు. "మన పిల్లలకి వంశం తెలియొద్దూ?" అన్నారు. అభ్యంతరాలేమైనా ఉన్నాయా అని అడిగి ఒక్కొక్కరి ముఖం చాలాసేపు చూశారు. ఎవరూ పలకలేదు. "అయితే సరే" అని నిట్టూర్చి, సంసా సగంలో వదిలేసి వెళ్లిపోయారు. మర్నాటి నుంచి దేశమంతా తిట్లే తిట్లు. తిలెక్ అయితే అయిదో తాత పేరు గుర్తురాక, తను రాసిన యాప్‌లోకి తనే వెళ్లలేకపోయాడు. కొన్నాళ్లకి "ఏదో తేడా వచ్చిందర్రా" అంటూ ఆ రెండూ మాస్టారే తీసేశారు.

మనిషి మారిపోయాడని అందరూ బెంగపడ్డారు. మనసు బాగుంటే ఆయన చక్కెర బిళ్ల పంటికింద పెట్టుకుని టీ తాగుతారు. ఈ మధ్య ఆ బిళ్ల జోలికే పోవడంలేదు. "ఈ పెత్తనం మీలో ఎవరికో ఒకరికి అప్పజెప్పి మా ఊరెళ్లి గుర్రాలు మేపుకుంటాను" అంటారు. ఎవరికో మాత్రం తేల్చరు.

మాస్టారు చేతులు కడుక్కోవడానికి లేచారు.

"నువ్వు చెప్పవే," అన్నాడు తిలెక్ జిబెక్‌తో.

"నువ్వు చెప్పొచ్చుగా. నీ నోరేమైనా అరువిచ్చావా?"

"మాస్టారికి ఎదురు చెప్పానని తెలిస్తే మా అమ్మ గుమ్మం తొక్కనివ్వదు."

"అక్కడ పిల్లలకి పరీక్షలురా."

"అందుకే నిన్ను చెప్పమంటున్నా. అక్క ఉన్నది నీకు కదా."

మాస్టారు తిరిగొచ్చి కూర్చున్నారు. జిబెక్ లేచి నిలబడింది. అనాలనుకున్నది ఒకటి, నోట్లోంచి వచ్చింది ఇంకొకటి.

"మాస్టారూ, ఇకనుంచి రహస్యంగా ఓటేసుకుందామా? ఎవరు ఏమన్నారో ఎవరికీ తెలియకుండా. ఎక్కువమంది ఏమంటే అది."

తిలెక్‌కి పొలమారింది. మాస్టారు ఆమెను తేరిపార చూశారు.

"కొత్త పద్ధతి. అభ్యంతరాలేమైనా ఉన్నాయా?"

పాత పద్ధతి ప్రకారం ఎవరూ పలకలేదు.

"అయితే సరే. కానియ్యమ్మా."

జిబెక్ బల్ల మీదున్నవే తీసి అందరికీ తలా ఒక చక్కెర బిళ్ల, తలా ఒక ఖుబానీ పండు గింజ పంచింది. చక్కెర వేస్తే నెట్ మార్పుకి సరే అన్నట్టు. గింజ వేస్తే వద్దన్నట్టు. మిగిలింది గుప్పిట్లోనే దాచుకోవాలి. తిలెక్ ఊలు టోపీ బల్ల చుట్టూ తిరిగింది. ఒక్కొక్కరూ లోపలికి చెయ్యి పెట్టి తీశారు. మాస్టారు చివర్న వేశారు.

టోపీ చేతికొచ్చాక గానీ జిబెక్‌కి తట్టలేదు, ఈ రహస్యం నిలిచేది కాదని. అయిదు గింజలూ ఒక చక్కెర బిళ్లా పడితే, ఆ బిళ్ల ఎవరిదో పసిపిల్లాడు కూడా చెబుతాడు. తనకి లెక్కలు నేర్పిన మనిషిని చేతులారా ఒంటరిని చేసి అందరి ముందూ నిలబెడుతోంది. సిగ్గుతో ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. ఎవరైనా జాలిపడి ఇంకో చక్కెర వేసి ఉంటే బాగుండుననుకుంది. మరుక్షణమే అక్క బడి గుర్తొచ్చి, వద్దనుకుంది.

"లెక్కపెట్టొద్దులెండి మాస్టారూ. వేరే శనివారం చూద్దాం."

"అడిగింది నువ్వేగా," అన్నారు మాస్టారు, టీ గిన్నె దగ్గరికి లాక్కుంటూ. "బోర్లించు."

జిబెక్ ఆయన వైపు చూడలేక కళ్లు దించుకుని టోపీ బోర్లించింది.

ఆరు గింజలు బల్ల మీద దొర్లాయి, మాస్టారు తన గుప్పిట్లో మిగిలిన చక్కెర బిళ్లను పంటికింద పెట్టుకుని తాపీగా టీ గుటక వేశారు.