పినాంగు చుట్టాలకు జాగ్రత్తలు

"ఈ కాయితాలు పంపితే నా పెండ్లికి పినాంగు నుంచి ఒక్కరు గూడా రారు మా," అంది చంద్రిక, ఎస్టీడీ బూత్ గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"యాల రారు? వచ్చేవాళ్ళు బాగా వచ్చి బాగా పోవాలనే కదా రాసింది," అంటూ మునిరత్నమ్మ కూతుర్ని పక్కకు జరిపి లోపలికి వెళ్ళింది.

రెండు రాత్రులు కన్నంటుకోకుండా రాసింది. చదివింది ఐదో తరగతే. కళ్ళు మండుతున్నాయి, వేళ్ళు పట్టేశాయి. అయినా ఇంకేదో మరిచిపోయాననే దిగులు ఆమెను వదల్లేదు.

పెళ్ళి పుంగనూరులోనే జరగాలని పట్టుబట్టింది తనే. మలేషియాలో పినాంగులో ఉన్న మగపెళ్ళివారు, పెళ్ళి అక్కడ పెట్టుకుందాం రండి అన్నారు. విమానమెక్కితే గుండె ఆగి చస్తానని మునిరత్నమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. కాబోయే అల్లుడి ఉద్యోగం ఎటూ బెంగుళూరులోనే. ఈ ఒక్క పెళ్ళి ఇక్కడ అయిపోతే ఇక జన్మలో ఆమె విమానం మొహం చూడనక్కర్లేదు. పాపం, వాళ్ళు ఒప్పుకున్నారు. ఇరవై రెండు మంది సముద్రం దాటి వస్తున్నారు.

"నా మొండితనం వల్ల ఇంతమంది బయల్దేరతాండారు. దోవలో ఎవురికేమయినా ఆ పాపం నాకు గాక ఎవురికి చుట్టుకుంటాది?" అంది, సంచిలోంచి కాగితాలు తీస్తూ.

బూత్ నడిపే లక్ష్మీపతి వాటిని తిప్పి చూశాడు. "ఏందక్కా, ఆరు పేజీలు! ఇల్లేమైనా రాసిస్తాండావా వాళ్ళకి?"

"జాగ్రత్తలప్పా. పెండ్లికొడుకు తాతకు తెలుగు చదవను వస్తాది. ఆయన అందరికీ చదివి చెప్తాడు. ఒక్క అక్షరం పోకుండా ఫ్యాక్సు చెయ్యి."

చంద్రిక పై కాగితం లాక్కుని గట్టిగా చదవసాగింది. "'మద్రాసులో దిగినంక ఎవురన్నా బిస్కెట్లిస్తే తినొద్దండి. మత్తు పెట్టి నగలు వలుచుకుంటారు. వ్యాన్లో వచ్చేటట్టయితే మొగిలి ఘాటు కాడ కండ్లు మూసుకోండి, మలుపుల్లో లోయ చూస్తే తల తిరుగుతాది. రైల్లో వచ్చి కుప్పంలో దిగేటట్టయితే పొద్దుండగానే కదలండి, ఏనుగులు రోడ్డు మీదికి వస్తాయి.' ఏంది మా ఇది? ఏనుగులు వీళ్ళ కోసరమే కాచుకోనుండాయా?"

"ఏనుగు చెప్పి వస్తాదా మే?"

"'మీరు దిగే మదనపల్లి లాడ్జి ముందర రోడ్డు దాటొద్దండి. టమోటా లారీలు మార్కెట్టుకు పోటీలు పడి పోతాయి, అడ్డం ఎవురుండారో చూడవు. నీళ్ళు కాంచినవే తాగండి. రాగిసంగటి నమలొద్దండి, మింగండి. ముద్ద పెద్దదయితే గొంతుకి అడ్డం పడతాది.' సంగటి గూడానా మా! సంగటి గూడా పానం తీస్తాదా?"

"అలవాటు లేని గొంతులు పాపా. అడ్డం పడినాక నువ్వొచ్చి వీపు తడతావా?"

లక్ష్మీపతి నవ్వాపుకోలేక, "అంతా బాగుండాదక్కా. చిరుతపులి ఒక్కటి మరిచిపోయినావు," అన్నాడు.

మునిరత్నమ్మ మొహం పాలిపోయింది. "చిరుతపులా? యాడ? ఎప్పుడు కనపడింది? పెన్నియ్యప్పా."

"అన్నా, నువ్వు నోరు మూసుకోనుండు!" అని చంద్రిక అరిచేలోపే చిరుతపులి ఆరో పేజీ అడుగున చేరిపోయింది. ఫ్యాక్సు మిషను ఒక్కో కాగితాన్నీ నిదానంగా మింగుతూ ఉంటే, మునిరత్నమ్మ చేతులు జోడించి నిలబడింది.

సాయంత్రం ఆమె నడవలో గోడకానుకుని ఏడో పేజీ మొదలుపెట్టింది. కరెంటు పోయినప్పుడు తేళ్ళ సంగతి. నాలుగు ముక్కలు రాసేసరికి లక్ష్మీపతి చేతిలో కాగితంతో గుమ్మంలో కనిపించాడు.

"పినాంగు నుంచి జవాబొచ్చిందక్కా."

అతని మొహంలో ఉదయపు నవ్వు లేదు. మునిరత్నమ్మ పెన్ను కింద పెట్టేసింది. పెళ్ళి వద్దన్నారు. కచ్చితంగా అదే. తన చేతులతో తనే కూతురి పెళ్ళి చెడగొట్టింది. కాగితం అందుకుని, చూడకుండానే పక్కనున్న చంద్రిక చేతిలో పెట్టేసింది.

"నువ్వే చదువు పాపా," అంది.

చంద్రిక గొంతు సవరించుకుంది. పెండ్లికొడుకు తాత చేతిరాత, పెద్ద పెద్ద అక్షరాలు.

"'అమ్మా మునిరత్నమ్మా, నీ జాబు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చదివినాను. ఆడోళ్ళు ఏడ్చినారు. మా నాయన కుప్పం పక్క పల్లె నుంచి ఓడెక్కి ఈడికి వచ్చేసినాడు. యాల వచ్చేసినావు నాయనా అంటే ఏనాడూ నోరిప్పలేదు. నీ జాబు చూసినాక నాకిప్పుడు అర్థమయింది.'"

"అది సరే. వస్తాండారా, లేదా? అది చెప్పు ముందర."

"రారంట మా."

మునిరత్నమ్మ కళ్ళు మూసుకుంది. "పెండ్లి?"

"ఉండు, ఇంకా ఉండాది." చంద్రిక కాగితాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుంది. పెదాలు వణుకుతున్నాయి, ఏడుపో నవ్వో తెలియలేదు. "'ఇంత తెలిసినాక మిమ్మల్ని ఆడ వదిలేసి ఊరుకోవడం మాకు చేత కాదు. పెండ్లి ఈడనే పెట్టేసినాము. మీ వాళ్ళందరికీ విమానం టికెట్లు మేమే తీస్తాండాము. నీకు మాత్రం గాలి ఆడతాదని కిటికీ పక్క సీటు చెప్పినాము తల్లీ.'"