పక్క షెడ్డు చప్పుడు

"దబ్!"

పాట ఆఖరి దెబ్బతో పాటు పక్క షెడ్డులో రేకులు నొక్కే ప్రెస్ మిషన్ కూడా మోగింది.

గిరీష్ తల పట్టుకున్నాడు. "చాలప్పా! నా వల్ల కాదు ఇంక!"

ఆరు నిమిషాల పాట ఒక్క తప్పు లేకుండా వచ్చింది. ఏం లాభం? మొదటి నుంచి చివరి దాకా ఆ దిక్కుమాలిన చప్పుడే.

గిరీష్, వినయ్, హరిత హైటెక్ సిటీలో ఒకే ఆఫీసు. గిరీష్‌ది గిటార్, గొంతు. వినయ్‌ది డ్రమ్స్. హరితది బేస్ గిటార్, రికార్డింగ్. ముగ్గురూ కలిసి 'ఇనుప కోట' అని పవర్ మెటల్ ఆల్బమ్ చేస్తున్నారు. కోటలు, కత్తులు, గుర్రాల దౌడు, నరాలు తెగేంత పై స్థాయి పాట.

గిరీష్‌కు ఒక పట్టుదల. పాతకాలం హెవీ మెటల్ వాళ్ళలా అందరూ ఒకే గదిలో ఒకేసారి వాయించాలి. తాళం తప్పకుండా కంప్యూటర్‌లో టిక్కు టిక్కు పెట్టుకుని వాయిస్తే ప్రాణం ఉండదట.

గోపన్‌పల్లి ఫ్లాట్ నుంచి అసోసియేషన్ వాళ్ళు తరిమేస్తే, బాలానగర్‌లో ఖాళీ షెడ్డు కిరాయికి తీసుకున్నారు. ప్రతి ఆదివారం అక్కడే.

ఒకటి మాత్రం మంచి జరిగింది. ఫ్లాట్‌లో హుషారొస్తే వేగం ఆపుకోలేని వినయ్, షెడ్డుకొచ్చాక కుదురుకున్నాడు. అది తన తిట్ల మహిమేనని గిరీష్ నమ్మకం.

ఏడు పాటలు అయ్యాయి. ఏడింటి నిండా 'దబ్' 'దబ్'. ఇక మిగిలింది ఆల్బమ్ పేరున్న పాట.

గిరీష్ విసురుగా వెళ్ళి పక్క షెడ్డు తలుపు బాదాడు.

చప్పుడు ఆగింది. ఖాకీ చొక్కా వేసుకున్న అరవయ్యేళ్ళ మనిషి బయటికొచ్చాడు.

"పెద్దాయనా, మేము పక్కన రికార్డింగ్ చేసుకుంటున్నాం."

"ఎరికే సార్. ఇంటనే ఉన్న."

"వింటూ కూడా ఆపకపోతే ఎలా? ఒక్క రెండు గంటలు ఆపండి."

"నేనాపితె మీ పాట ఆగమైతది సార్. ఆ డోలు కొట్టే పిలగాడు ఉరుకుతడు."

గిరీష్‌కు ఒళ్ళు మండిపోయింది. "మాకు పాట నేర్పిస్తావా? నీ పేరేంది?"

"వీరేశం. గట్ల కాదు సార్, జర ఇనుండ్రి..."

"నీతో నాకేం మాటలు!"

బోర్డు మీద ఓనర్ నంబర్ ఉంది. గిరీష్ అక్కడే నిలబడి మెసేజ్ కొట్టాడు. ఆఫీసులో కంప్లయింట్ పెట్టినట్టే తేదీ, టైము, ఎన్నిసార్లు చప్పుడైంది, చేసిన మనిషి పేరు, ఆడియో జతపరిచి, చివర 'శాశ్వత పరిష్కారం చూపగలరు' అని.

'వస్తున్న సార్' అని జవాబొచ్చింది.

లోపలికెళ్ళి మళ్ళీ మొదలుపెట్టారు. 'దబ్' మళ్ళీ మొదలైంది. అరగంటకు, పాట మధ్యలో, టక్కున ఆగిపోయింది.

"చూశారా? పైవాళ్ళకు చెబితే గానీ ఏ పనీ కాదు!" అన్నాడు గిరీష్.

తర్వాతి టేక్‌లో వినయ్ రెండో చరణానికే పరిగెత్తాడు. ఆ తర్వాత దాంట్లో మొదటి చరణానికే. మాటలు నోరు తిరగక గిరీష్ పాట మధ్యలోనే ఆపేశాడు.

పై ఆదివారం పద్నాలుగు టేకులు. ఒక్కటీ నిలవలేదు.

"ఆ టిక్కు పెట్టుకుని ఏడవండి!" అంది హరిత.

పెట్టుకున్నారు. వినయ్ పరీక్ష రాస్తున్న పిల్లాడిలా బిగుసుకుపోయాడు.

"నీకేమైందప్పా? మొన్నటి దాకా బాగానే కొట్టినావే!"

"నాకేం తెలుసు! మంగళవారం పుణె వెళ్ళిపోవాలి. నన్ను చంపకు."

కొత్త ప్రాజెక్టు. వెళితే రెండేళ్ళు. అంటే ఆల్బమ్ అటకెక్కినట్టే.

హరిత విసిగిపోయి పాత టేక్ పెట్టింది. "ఎంత బాగా కొట్టావో నువ్వే విను!"

విన్నారు. హరిత చెయ్యి కంప్యూటర్ మీద ఆగిపోయింది.

"గిరీష్, ఆ 'దబ్' చూడు. ప్రతి వరసకీ మొదటి దెబ్బ మీదే పడుతోంది."

"మిషన్ కదా, ఒకే లెక్కన కొడుతుంది."

"మధ్యలో పాట నెమ్మదించే చోట అదీ నెమ్మదించింది. ఇదిగో, ఇక్కడ వినయ్ తొందరపడ్డాడు. అది తొందరపడలేదు. రెండు దెబ్బల్లో వినయ్ దారికొచ్చాడు."

ముగ్గురూ ఏడు పాటలూ విన్నారు. అన్నిట్లో అంతే.

"నేను దాన్ని పట్టుకునే కొట్టాను. నాకే తెలీలేదు," అన్నాడు వినయ్.

గిరీష్‌కు సిగ్గేసింది. ఆ పెద్దాయన చెప్పింది అదే కదా!

సోమవారం ఆఫీసుకు సెలవు పెట్టి ముగ్గురూ బాలానగర్ వెళ్ళారు. వీధంతా మిషన్ల మోత. వాళ్ళెప్పుడూ వినని మోత. పక్క షెడ్డులో నాలుగు ప్రెస్ మిషన్లు నడుస్తున్నాయి. వీరేశం ఎక్కడా లేడు.

ఓనర్ నర్సింహ ఎదురొచ్చాడు. "మెసేజ్ పెట్టింది మీరేనా? మస్తు మంచి పని చేసిండ్రు సార్."

"వీరేశం గారు ఏరండీ? ఒక్క గంట మిషన్ నడిపితే చాలు. మా పాటకు ఆయన కావాలి."

"ఆయన్ని గా దినమే తీసేసిన. రూం గూడ ఖాళీ జేసి పోయిండు. ఏడికి పోయిండో ఎవ్వరికి ఎరుక లేదు."

గిరీష్ ముందుకొచ్చాడు. "అయ్యో, మేము చప్పుడు ఆపమన్నాం అంతే! పని చేసుకుంటున్న మనిషిని ఎందుకు తీసేశారు?"

"పనా? ఐతారం మాకు సెలవు సార్," అన్నాడు నర్సింహ. "మీ మెసేజ్ జూసి ఉరికొస్తే, మిషన్ లోపట రేకు లేదు, పక్కన సరుకు లేదు, ముసలాయన గోడకు చెవి ఆనిచ్చి, కండ్లు మూసుకొని, మీ పాటకు ఉత్త మిషన్ కొట్టుకుంట కూసున్నడు."