కాలు వదిలిన సమయం

అమ్మాన్‌లోని మా ఆసుపత్రిలో బీమా బిల్లులు రాసే పని నాది. పోయినేడు నా ఎడమ తుంటికి ఇక్కడే, చిన్న గాటుతో కెమెరా దూర్చి ఆపరేషన్ చేశారు. అప్పట్నుంచీ రాత్రయితే ఎడమకాలు లాగుతూనే ఉంటుంది. వయసు మీద పడిందనుకున్నాను.

ఈ ఆపరేషన్‌లో కీలు తెరుచుకోవడానికి, కాలిని బల్లకు బిగించి చక్రం తిప్పి లాగుతారు. లాగిన సమయం, వదిలిన సమయం రెండూ రాయాలి. లేకపోతే బీమావాళ్లు బిల్లు తిప్పికొడతారు. నిన్న రాత్రి నా దగ్గరికొచ్చిన ఒక ముసలాయన ఫైలులో వదిలిన సమయం రాయలేదు.

ఆపరేషన్ థియేటర్ తాళాలు ఆడించుకుంటూ వార్డుబాయ్ మిస్బాహ్ వచ్చాడు.

“ఫిర్యాల్ అక్కా, పైవార్డులో ముసలాయన ఒకటే గోల. ‘నా కాలు వదలండిరా’ అంటాడు. మంచం మీదున్న కాలు ఎవడు పట్టుకున్నాడట?”

అంతలో, పక్కనే తాళం వేసిన థియేటర్‌లోంచి చక్రం కిర్రుమంది. మిస్బాహ్ నవ్వు ఆగిపోయింది. కిర్రు ఆగలేదు.

డాక్టర్‌ని నిద్ర లేపే ఓపిక నాకు లేదు. ఫైలులో కాలు వదిలిన సమయం దగ్గర అందాజుగా ఏదో ఒకటి రాసేశాను.

చక్రం చప్పుడు ఆగిపోయింది. పైనుంచి నర్సు ఫోన్ చేసింది. “ముసలాయన హాయిగా నిద్రపోయాడు. ఇక గోల లేదని మిస్బాహ్‌కి చెప్పు.”

ఫోన్ పెట్టేసి నా ఎడమకాలు తడుముకున్నాను.

“మిస్బాహ్, నా ఫైలులో ఆ సమయం ఎవరు రాశారు?”

“నీ ఫైలా? ఆసుపత్రి సొంత మనిషికి బిల్లేంటక్కా? బిల్లు లేనిదానికి అవన్నీ ఎవరు రాస్తారు?”

బల్ల కింద నా ఎడమ మడమ చెప్పులోంచి మెల్లగా జారింది. థియేటర్‌లో చక్రం మళ్లీ తిరగడం మొదలైంది.